కానరాని పంక్తికి వడ్డన

మఠపు దాసోహశాలలో వడ్డించువానికి ఒక సౌఖ్యము కలదు. విస్తరి ముందు కూర్చున్నవాని ముఖము అతనికి కనబడును. అన్నము పడినంతనే చేయి కదలును, ఆకలి తీరును, తీరిన జాడ కన్నులలో తెలియును. చేసిన సేవకు ఫలము గడియలోపలనే కంటి యెదుట నిలుచును. అందువలననే అన్నదాసోహమునకు జనులు ఉత్సాహముతో ముందునకు వత్తురు. కాని ఫలము ఎన్నటికి పండునో, ఎవరి విస్తరిలో పడునో తెలియక చేయవలసిన దాసోహము మరియొకటి కలదు. దానికి పూనుకొనువారు తక్కువ. పూనుకొన్నవారిలో అమెరికా దేశమునందలి కొందరు తల్లిదండ్రుల వృత్తాంతము శరణ కుటుంబములు వినదగినది. వారు లింగధారులు కారు. కాయకమను మాటయు దాసోహమను మాటయు వారెరుగరు. ఐనను ఆ మాటల అర్థమును అర్ధశతాబ్దికి పైగా ఆచరణలో చూపిరి.

వారిని ఒకచోట చేర్చినది పిల్లలకు వచ్చు మధుమేహము. పెద్దవయసున వచ్చు చక్కెర వ్యాధికిని దీనికిని పేరొక్కటియే గాని కారణము వేరు. మానవుని ఉదరములో జీర్ణాశయము వెనుక క్లోమగ్రంథి కలదు. అందులో దీవులవలె చెదరియున్న కొన్ని కణములు ఇన్సులిన్ అను రసమును స్రవించును. తిన్న అన్నము చక్కెరగా మారి రక్తములో చేరిన తరువాత, ఆ చక్కెరను శరీరకణములలోనికి పంపునది ఆ రసమే. వెలుపలి రోగక్రిములతో పోరాడవలసిన శరీర రక్షణ శక్తి, కొందరు పిల్లలలో పొరపాటున ఈ కణములనే శత్రువులని తలచి నాశనము చేయును. అప్పుడు రక్తమునిండ చక్కెర యున్నను శరీరము పస్తుండును. నిండిన గాదె ముందు తాళపుచెవి లేక ఆకలితో నిలిచిన సంసారివంటి స్థితి అది. బిడ్డ పదేపదే నీరు త్రాగును, పదేపదే మూత్రమునకు పోవును, పక్క తడుపుట మానిన పిల్లవాడు మరల తడుపును, ఎంత తిన్నను చిక్కిపోవును. గుర్తింపక జాగుచేసినచో కడుపునొప్పి, వాంతులు, ఆయాసము వచ్చి, స్మృతి తప్పి, ప్రాణము మీదికి వచ్చును.

మన దేశపు ప్రాచీన వైద్యులకు ఈ రోగము తెలియును. మూత్రమునకు చీమలు పట్టుటను వారు గమనించిరి. పుట్టుకతో వచ్చునది యొకటి, అపథ్యమువలన వచ్చునది యొకటి అని సుశ్రుత సంహిత రెండు విధములుగా విభజించినది. విభాగము తెలిసినను మందు తెలియలేదు. పాశ్చాత్య దేశములలోను అంతే. 1920వ సంవత్సరమునాటికి వైద్యులు చేయగలిగినదెల్ల బిడ్డకు అన్నము తగ్గించి, ఆకలితో మాడ్చి, మరణమును కొన్ని నెలలు వెనుకకు నెట్టుటయే. రోగముచేత చచ్చుటయా, ఆకలిచేత చచ్చుటయా అను నిర్ణయము తల్లుల మీద పడెను.

1921 వేసవిలో కెనడా దేశపు టొరంటో నగరమున ఫ్రెడరిక్ బాంటింగ్ అను యువ శస్త్రవైద్యుడును, చార్లెస్ బెస్ట్ అను విద్యార్థియు, ఆచార్య మక్లియోడ్ ప్రయోగశాలలో, కుక్కల క్లోమము నుండి ఆ రసమును వేరుచేయుటకు పూనుకొనిరి. 1922 జనవరి 11వ తేదీన లియొనార్డ్ థాంప్సన్ అను 14 ఏండ్ల బాలునికి మొదటి సూది వేసిరి. అది సరిగా పనిచేయలేదు. రసాయన శాస్త్రజ్ఞుడైన జేమ్స్ కాలిప్ దానిని శుద్ధిచేయగా, జనవరి 23న మరల ఇచ్చిరి. బాలుడు కోలుకొనెను. ఆ పిమ్మట 13 సంవత్సరములు జీవించెను. 1923లో బాంటింగునకును మక్లియోడునకును నోబెల్ బహుమానము రాగా, బాంటింగ్ తన భాగమును బెస్టుతోను, మక్లియోడ్ తన భాగమును కాలిప్‌తోను పంచుకొనిరి. అంతకంటె మెచ్చదగినది మరియొకటి. ఆ మందుపై గల హక్కును బాంటింగ్, బెస్ట్, కాలిప్ మువ్వురును తలకొక డాలరు చొప్పున పుచ్చుకొని టొరంటో విశ్వవిద్యాలయమునకు వ్రాసియిచ్చిరి. కోట్లకు ఎత్తదగిన సొత్తును రూపాయికి ఇచ్చినట్లు. నేడు ఆ మందు పేరుతోనే అనేక దేశములలో పేదలు భరింపలేని ధరలు వసూలగుచున్నవని వినునపుడు ఆ మూడు డాలర్ల సంగతి జ్ఞప్తికి వచ్చుట సహజము.

ఇన్సులిన్ ప్రాణము నిలిపెనే గాని రోగమును కుదుర్చలేదు. ఈ భేదమును గ్రహించినగాని తక్కిన కథ బోధపడదు. బిడ్డకు జీవితాంతము దినమునకు మూడు నాలుగు సార్లు సూది వేయవలెను. వ్రేలు పొడిచి రక్తము చూడవలెను. తినబోవు అన్నమును లెక్కించి దానికి తగిన మోతాదు నిర్ణయింపవలెను. మోతాదు తగ్గినచో చక్కెర పెరిగి, ఏండ్లు గడచుకొలది కన్నులును మూత్రపిండములును చెడును. మోతాదు మించినచో చక్కెర పడిపోయి బిడ్డ నిద్రలోనే స్మృతి తప్పవచ్చును. అందుచేత అట్టి ఇంటి తల్లి అర్ధరాత్రి లేచి బిడ్డ నుదుట చేయిపెట్టి చెమట పట్టినదేమో చూచును. ఆదివారము లేదు, పండుగ లేదు. శరీరము తనంతట తాను తెలియకుండ చేసికొను పనిని తల్లి మేలుకొని చేయవలసి వచ్చును.

ఇన్సులిన్ ఉన్నది గదా, ఇంక కొదువ యేమని లోకము తలచుచుండిన కాలమున, 1970లో, ఇట్టి పిల్లలు గల తల్లిదండ్రులు కొందరు అమెరికాలో ఒక సంస్థను స్థాపించిరి. వారిలో లీ డ్యూకాట్ అను తల్లి ముఖ్యురాలు. దానికి జువెనైల్ డయాబెటిస్ ఫౌండేషన్ అని పేరు. పిమ్మట నడుమ ‘రీసెర్చ్’ అను పదము చేరినది. ఈ రోగము పెద్దలకును వచ్చుచున్నదని తేలినందున ‘బాలల’ అను విశేషణము తగదని, 2024లో ఆ సంస్థ బ్రేక్‌త్రూ టి1డి అను క్రొత్త పేరు పెట్టుకొనెను. పేరు మారినను మొదటినాటి సంకల్పము మారలేదు. రోగమును భరించుటకు తోడ్పడుటతో తృప్తిచెందక, రోగమునే తొలగించు శాస్త్రపరిశోధనకు ధనము కూర్చవలెనని ఆ సంకల్పము. నాటినుండి నేటివరకు ఆ సంస్థ పరిశోధనకు ఇచ్చినది 200 కోట్ల డాలర్లకు మించినది.

అంత ధనము ఎట్లు వచ్చినది? పెద్ద ధనికులు ఇచ్చినదియు కలదు. ఉడుపులు ధరించి విందులారగించుచు దానమును అడుగుట శరణమార్గమెరిగినవారికి కొంత ఎబ్బెట్టుగా తోచవచ్చును. అది ఆ దేశపు పద్ధతి, దానితో మనకు పనిలేదు. గమనింపదగినది స్వచ్ఛంద సేవకుల కాయకము. వారు ఊరూర నడకలు ఏర్పాటు చేయుదురు. రోగముగల బిడ్డ పేర ఇంటివారును, బడి స్నేహితులును, పొరుగువారును ఒక జట్టుగా చేరి కొన్ని మైళ్లు నడతురు. నడచువారిని చూచి తెలిసినవారు ఐదో పదో డాలర్లిత్తురు. దినమంతయు ఉద్యోగము చేసివచ్చి రాత్రి కూర్చుండి ఉత్తరములు వ్రాయువారు కలరు. ఆ దేశమున స్థిరపడిన తెలుగు కుటుంబముల పిల్లలకును ఈ రోగము రాకపోలేదు గనుక ఆ నడకలలో మనవారును నడచుచున్నారు.

క్రొత్తగా రోగము బయటపడిన ఇంటికి పాతవారు వార్త పంపి ధైర్యము చెప్పుట మరియొక సేవ. ఆ బిడ్డకు వారిచ్చు సంచిలో రూఫస్ అను ఎలుగుబంటి బొమ్మ యుండును. ఆ బొమ్మకు చేతులమీద, తొడలమీద, పొట్టమీద, సూది వేయవలసిన చోట్లనెల్ల రంగు గుడ్డముక్కలు కుట్టియుండును. బిడ్డ తనకు సూది వేయకముందు బొమ్మకు వేయును. రోగి బిడ్డగల తల్లి యొకతె తన కుమారునికొరకు కుట్టిన బొమ్మయే దీనికి మూలము. ఏ వైద్య గ్రంథమును చదివి ఈ ఉపాయము పుట్టలేదు.

ధనము కూర్చుటతో వారు ఆగలేదు. 1984 నుండి చాలకాలము ఆ సంస్థకు అంతర్జాతీయ అధ్యక్షురాలుగా నుండిన నటి మేరీ టైలర్ మూర్ తానును ఈ రోగముతో జీవించినది. 2017లో మరణించువరకు దానిని దాచిపెట్టలేదు. చట్టసభవారి ముందు నిలిచి సాక్ష్యము చెప్పినది. 1999 నుండి రెండేండ్ల కొకమారు, 4 మొదలు 17 ఏండ్ల వరకు వయసుగల పిల్లలు వాషింగ్టన్ నగరమునకు పోయి చట్టసభల సభ్యులను కలిసికొని తమ దినచర్యను తామే చెప్పు ఏర్పాటు జరిగినది. పరిశోధన ప్రతిపాదనలను పరిశీలించునపుడు శాస్త్రజ్ఞులతో పాటు, ఇంట రోగమున్న సామాన్య సేవకులును కూర్చుండి, ఈ పని వలన రోగికి ఏమి ఒరుగునని ప్రశ్నించు పద్ధతిని గూడ ఆ సంస్థ నెలకొల్పెను. కల్యాణమునందలి అనుభవ మంటపములో పండితుని ప్రక్కన పడవ నడుపువాడు, మోపులు మోయువాడు కూర్చుండి ప్రశ్నించిన సంగతి తెలిసినవారికి ఇది వింతగా తోచదు.

ఈ సందర్భమున ఆయ్దక్కి మారయ్య, లక్కమ్మల కథ తలపునకు వచ్చును. రాయచూరు ప్రాంతపు అమరేశ్వరము నుండి కల్యాణమునకు వచ్చిన ఆ దంపతుల కాయకము, బసవేశ్వరుని మహామనె ముంగిట రాలిన బియ్యపు గింజలు ఏరుకొనుట. ఏరిన గింజలతోనే జంగమ దాసోహము. ఒకనాడు మారయ్య నిత్యముకంటె ఎక్కువ బియ్యము తెచ్చెను. లక్కమ్మ సంతోషింపలేదు. ఈ ఆశ నీకెక్కడిదని భర్తను నిలదీసి, అధికమైనదానిని తీసినచోటనే పోసి రమ్మని పంపెను. ఆ కథను సాధారణముగా అపరిగ్రహమునకు ఉదాహరణగా చెప్పుదురు. అది నిజమే. కాని దానిలో మరియొక అంశము కలదు. దాసోహమునకు కొలత ధనరాశి కాదు, తన కాయకము నుండి వచ్చినదా కాదా అనునది. బిడ్డకు సూది వేసి నిద్రపుచ్చి, మిగిలిన గంటలో పదిమందికి ఉత్తరము వ్రాసి ఐదేసి డాలర్లు కూర్చిన తల్లి యొద్ద నున్నవి ఏరిన గింజలే. పాలరాతి పలకపై పేరు చెక్కించుకొనుటకై ఇచ్చిన లక్ష అట్టిది కాదు. (మన మఠములలో ఆ పలకలు ఈ నడుమ మరీ ఎక్కువైనవి.)

ధనము, కాలము ఇచ్చినవారికంటెను మిన్నగా శరీరమునే ఇచ్చినవారు కలరు. చక్కెరను గట్టిగా అదుపులో నుంచినచో కన్నులు, మూత్రపిండములు నిలుచునా లేదా అనునది దీర్ఘకాలము తేలని ప్రశ్న. అమెరికా ప్రభుత్వ ధనముతో 1983 నుండి 1993 వరకు జరిగిన పరిశీలనకు 13 మొదలు 39 ఏండ్ల వయసుగల 1,441 మంది రోగులు ఒప్పుకొనిరి. గట్టి అదుపువలన కంటిజబ్బు పుట్టుట 76 శాతము తగ్గునని తేలినది. నేడు హైదరాబాదులోగాని కర్నూలులోగాని వైద్యుడు బిడ్డ తండ్రితో రోజుకు నాలుగుమార్లు చూడుమని చెప్పునపుడు, ఆ మాట వెనుక ఆ 1,441 మంది ఉన్నారు. పరిశీలన ముగిసినను వారు ఇండ్లకు పోలేదు. 13 ఏండ్లకు వచ్చిన బాలురు నడివయసు వారైన తరువాతను, 30 ఏండ్ల పిమ్మటను, బ్రతికియున్నవారిలో నూటికి తొంబదిమందికి పైగా పరీక్షలకు వచ్చుచుండిరి.

ఇంకొక ఉదాహరణము మరింత ఆలోచింపదగినది. రోగము రాకమునుపే దానిని అడ్డగింపవచ్చునా అని తెలిసికొనుటకు టెప్లిజుమాబ్ అను ఔషధమును పరీక్షించిరి. తొలి ఫలితములు 2002లో ప్రకటింపబడినవి. ఆ పనికి ఆ తల్లిదండ్రుల సంస్థ ధనసహాయము చేసెను. తరువాత జరిగిన ఒక పరీక్షలో, రోగుల రక్తసంబంధులై, రక్తపరీక్షలో రోగపు తొలి గుర్తులు కనబడిన 76 మంది చేరిరి. వారిలో అధికులు పిల్లలు. 44 మందికి ఔషధము, 32 మందికి మందులేని ఉత్త ద్రవము ఎక్కించిరి. ఎవరికి ఏది ఎక్కినదో వారికి తెలియదు. ఔషధము పొందినవారిలో రోగము సుమారు రెండేండ్లు వెనుకకు జరిగెనని 2019లో వెల్లడియైనది. 2022 నవంబరులో అమెరికా ప్రభుత్వము దానిని ఆమోదించినది. తొలి ఫలితమునుండి ఆమోదము వరకు ఇరువది సంవత్సరములు! ఔషధము పొందిన 44 మందిని లోకము తలచును. ఉత్త ద్రవము పొందిన 32 మంది సంగతి యేమి? వారికి ఏ లాభమును కలుగలేదు. కాని పోల్చిచూచుటకు వారు లేనిచో ఆ ఔషధము పనిచేయునని చెప్పుటకు ఎవరికిని అధికారముండెడిది కాదు. ఇచ్చితిననుకొనక ఇచ్చుట దాసోహమని పెద్దలు చెప్పుదురు. ఆ 32 మంది నిజముగ ఏమి ఇచ్చుచున్నారో ఇచ్చునపుడు వారే యెరుగరు.

రోగము పూర్తిగా నయమగు దినము ఇంకను రాలేదు. 2025లో ప్రకటింపబడిన యొక పరీక్షలో, ప్రయోగశాలలో మూలకణములనుండి పెంచిన దీవికణములను పూర్తి మోతాదులో పొందిన 12 మందిలో 10 మంది ఏడాది తరువాత ఇన్సులిన్ సూది లేకుండ నుండగలిగిరి. కాని ఆ కణములను శరీరము తిరస్కరింపకుండ రక్షణ శక్తిని అణచు మందులు వాడుచుండవలెను. అవి వేరు అపాయములు తెచ్చును. కనుక పిల్లలకు ఇది ఇప్పటి మాట కాదు. 1970లో సంస్థను స్థాపించిన తల్లుల పిల్లలు నేడు వృద్ధాప్యమునకు చేరువైనారు. ఏ బిడ్డకొరకు పూనుకొనిరో ఆ బిడ్డకు బాల్యములో ఆ ఫలము అందలేదు. ఈ సంగతి మొదటి పదేండ్లలోనే వారికి తెలిసియుండును. తెలిసియు మానలేదు.

ఇక్కడ న్యాయమైన ఆక్షేపణ యొకటి కలదు. అంతర్జాతీయ మధుమేహ సమాఖ్య 2021 అంచనా ప్రకారము భారతదేశములో 20 ఏండ్లలోపు వయసున ఈ రోగము గలవారు రెండు లక్షలకు మించియున్నారు. వారిలో ఎందరికో రేపటి సూదికి మందు లేదు. నేటి ఆకలి యుండగా రానున్న పంటకు దానమేల యని అడుగవచ్చును. ఈ ప్రశ్నకు శాస్త్రాలతో సమాధానము చెప్పుట తేలిక, ఆ తండ్రి ముఖము చూచి చెప్పుట కష్టము. ఎదుటనున్న బిడ్డకు మందుసీసా మొదట. అందులో సందేహము లేదు. పరిశోధనకు ధనమిచ్చు స్తోమత గలవారు, విశేషించి విదేశములందున్నవారు, అది చేయుదురు గాక. ఊరిలో నున్నవారికి చేతనైన సేవ వేరుగా కలదు. దానికి ధనముకంటె తెలివిడి ఎక్కువ కావలెను.

వీరశైవ మఠములు తరతరములుగా విద్యార్థులకు అన్నవసతులు కల్పించుచున్నవి. వందలమంది పిల్లలున్న వసతిగృహములో ఇట్టి బిడ్డ యొకడుండుట అసంభవము కాదు. ఆ బిడ్డకు పంక్తిలో వడ్డించువాడు కొలగిన్నెతో అన్నము కొలిచి, నేడు ఎంత పడినదో చెప్పవలెను. సూది వేసిన తరువాత పూజ ఆలస్యమైనదని భోజనము ఆపరాదు. బిడ్డకు చెమటపట్టి, చేతులు వణకి, మాట తడబడినచో అది తిక్క కాదు, పొగరు కాదు, చక్కెర పడిపోవుట. వెంటనే చక్కెర నీళ్లో బెల్లపు ముక్కయో ఇవ్వవలెను. స్మృతి తప్పినవాని నోటిలో ఏదియు పోయక వైద్యుని యొద్దకు కొనిపోవలెను. శీతల యంత్రము లేనిచోట, తడి ఇసుకలో నుంచిన మట్టికుండయందు మందుసీసాను చల్లగా కాపాడవచ్చును. ఇవి ఏ గురువునకైనను ఒక గంటలో తెలియు విషయములు.

ప్రసాదము విషయమున పట్టుదల కూడదు. తీపి ప్రసాదమును బిడ్డ కన్నులకద్దుకొని తల్లికిచ్చినచో అది తిరస్కారము కాదు. శివరాత్రి ఉపవాసము అట్టి బిడ్డకు విధింపరాదు. ఉపవాసమున్నానని ఇన్సులిన్ మానుట ప్రాణాంతకము. అన్నిటికంటె భయంకరమైనది వేరొకటి కలదు. విభూతి పెట్టించితిమి, ఆకుపసరు పోయించితిమి, ఇంక సూదులు మానుడని చెప్పు పెద్దమనుషులు నేటికిని ఉన్నారు. విభూతి ధారణము భక్తికి, ఇన్సులిన్ ప్రాణమునకు. ఈ రోగముగల బిడ్డకు ఇన్సులిన్ నిలిపినచో కొద్ది దినములలోనే బిడ్డ దక్కదు. ఆ మాట చెప్పినవాడు జంగమ వేషమున నున్నను అది హత్యయే. తల్లి పూర్వజన్మ పాపమువలన బిడ్డకు రోగము వచ్చినదని నిట్టూర్చుటయు అట్టిదే. నుదుటివ్రాతను సాకుగా చూపి జనులను అణచిన కాలమున బసవేశ్వరుడు ఎవరి పక్షము వహించెనో మరచినవారే అట్లు పలుకుదురు.

ఆడపిల్లల విషయము మరీ కష్టము. పెండ్లి కాదను భయముతో తల్లిదండ్రులు రోగమును దాతురు. పిల్ల బంధువుల ఇండ్లలో స్నానాల గదిలోనికి పోయి సూది వేసికొనును; పెండ్లిలో చాటు దొరకనినాడు వేసికొనక ఊరకుండును. ఆడపిల్లకును ఇష్టలింగము కట్టిన సమాజములో ఈ దాపరికము జరుగుచున్నది. మఠములో జరుగు సామూహిక వివాహములకు ముందు స్వామివారు ఒక్కమాట బహిరంగముగా చెప్పగలరు: ఇది అంటురోగము కాదు, చక్కెరను అదుపులో నుంచుకొని వైద్యుల పర్యవేక్షణలో నుండిన స్త్రీలు ఈ రోగముతోనే చదివి, ఉద్యోగములు చేసి, ఆరోగ్యవంతులైన బిడ్డలను కనుచున్నారు.